ప్రాణం ఒక అమానతు: అరుదైన క్యాన్సర్, ప్రత్యామ్నాయ చికిత్సలు, విశ్వాసి వివేకం

మొదటి ఖుత్బా

సర్వలోకాలను సృష్టించి, పోషించి, పాలిస్తున్న అల్లాహ్‌ను స్తుతిస్తున్నాను. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాను, ఆయన క్షమాభిక్షనే కోరుతున్నాను. అల్లాహ్ తప్ప ఆరాధ్యుడెవరూ లేరనీ, హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆయన దాసులూ, అంతిమ ప్రవక్తా అనీ సాక్ష్యమిస్తున్నాను.

ధార్మిక సోదరులారా, సోదరీమణులారా!

ముందుగా నాకూ, ఆ తరువాత మీకూ దైవభీతిని గురించి ఉపదేశిస్తున్నాను. తఖ్వా మస్జిద్ గోడల మధ్యనే పరీక్షకు వచ్చే గుణం కాదు. ఇంట్లో ఒకరు తీవ్రంగా జబ్బుపడినప్పుడు, పరీక్షల నివేదిక చేతికి అందినప్పుడు, బంధుమిత్రులు తలా ఒక సలహా చెబుతున్నప్పుడు మనం తీసుకునే నిర్ణయంలో కూడా అది పరీక్షకు వస్తుంది. ఎందుకంటే ఈ దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని ఎలా కాపాడామన్న ప్రశ్నకు తీర్పుదినాన ఆయన సన్నిధిలో సమాధానం చెప్పుకోవలసి ఉంది.

ఈ విషయాన్ని స్పష్టంగా గ్రహించడానికి ఒక అరుదైన క్యాన్సర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని పేరు మెసోథీలియోమా. ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలోని అవయవాల చుట్టూ అల్లాహ్ ఒక పలుచని పొరను అమర్చాడు. ఆ పొరకు వచ్చే క్యాన్సర్ ఇది. దీనికి ప్రధాన కారణం రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. దాని పోగులు కంటికి కనిపించనంత సన్నగా ఉంటాయి. శ్వాసతో పాటు లోపలికి వెళ్లి ఆ పొరలో నాటుకుంటాయి. వ్యాధి బయటపడడానికి సాధారణంగా 20 నుండి 50 సంవత్సరాలు పడుతుంది. పడుచుతనంలో సిమెంటు రేకులు కోసిన కార్మికుడు, బాయిలర్ల చుట్టూ పాత తాపడం ఊడదీసిన మేస్త్రీ, ఓడల మరమ్మతులలో పనిచేసినవాడు, గల్ఫ్ దేశాలలో పాత కట్టడాలు కూల్చే పనికి వెళ్లినవాడు వృద్ధాప్యంలో ఆయాసంతో మంచం పట్టవచ్చు. అతని దుమ్ము పట్టిన బట్టలు ఏళ్ల తరబడి ఉతికిన భార్యకు కూడా ఈ వ్యాధి వచ్చిన సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదయ్యాయి. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినార గనులు ఉండేవి. మన పేటలలో ఎన్నో ఇళ్లకు ఈనాటికీ ఆ రేకులే కప్పు. కనుక వ్యాధి అరుదైనదే అయినా, దాని కారణం మనకు దూరంగా లేదు.

అరుదైన వ్యాధి వచ్చిన కుటుంబం ఒంటరిదవుతుంది. చక్కెర వ్యాధి అంటే వీధిలో పదిమందికి తెలుసు. ఈ వ్యాధి పేరు పలకడమే ఎవరికీ రాదు. వైద్యుడు కూడా ఇది పూర్తిగా నయమవుతుందని మాట ఇవ్వలేడు. ఆ నిశ్శబ్దంలోకి సలహాలు ప్రవేశిస్తాయి. ఒకరు కలోంజీ నూనె తెస్తారు. మరొకరు లక్ష్మణఫలం ఆకుల కషాయం కాచమంటారు. ఒకరు హిజామా చేయించమంటారు. ఇంకొకరు ఫలానా ఊరి ఆమిల్ దగ్గరికి తీసుకువెళ్లమంటారు. వేరొకరు ఆసుపత్రి మందులన్నీ విషమని, వాటిని మానేస్తేనే తమ మందు పనిచేస్తుందని చెబుతారు. వీరిలో చాలామంది ప్రేమతోనే చెబుతారు. కాని ప్రేమతో చెప్పిన మాట సత్యమై తీరాలని లేదు. జ్ఞానం లేని విషయం వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నిటినీ గురించి ప్రశ్నించడం జరుగుతుందని అల్ ఇస్రా సూరా 36వ ఆయత్‌లో అల్లాహ్ హెచ్చరిస్తున్నాడు.

అయితే విశ్వాసి ఇక్కడ ఏ మార్గాన నడవాలి? మహాప్రవక్త (స) జీవితంలో దీనికి స్పష్టమైన దారిదీపాలు ఉన్నాయి.

మొదటిది, చికిత్స చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన హదీసు ప్రకారం, పల్లెవాసులైన అరబ్బులు కొందరు వచ్చి, మేము వైద్యం చేయించుకోవచ్చునా అని అడిగారు. చేయించుకోవలసిందేనని, వార్ధక్యం తప్ప మందు లేని వ్యాధిని అల్లాహ్ దించలేదని ఆయన (స) తెలియజేశారు. హిజ్రీ 18వ సంవత్సరంలో అమ్వాస్ మహమ్మారి ప్రబలినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) సైన్యంతో వెనుదిరిగారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, అల్లాహ్ ఒక నిర్ణయం నుండి ఆయనదే అయిన మరొక నిర్ణయం వైపునకు వెళ్తున్నామని ఆయన బదులిచ్చారు. వ్యాధి ఎవరి నిర్ణయమో, మందు కూడా ఆయన నిర్ణయమే. ఆసుపత్రి మెట్లు ఎక్కేవాడు అల్లాహ్‌ను విడిచిపెట్టి వెళ్తున్నట్లు కాదు.

రెండవది, నిపుణుని ఆశ్రయించడం సున్నత్. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గుండెనొప్పితో బాధపడినప్పుడు ఆయన (స) పరామర్శకు వెళ్లి, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్లమని, అతడు వైద్యం తెలిసినవాడని చెప్పారు. ఒక గాయపడిన వ్యక్తి కోసం బనూ అన్మార్ తెగ నుండి ఇద్దరు వచ్చినప్పుడు, మీలో వైద్యం బాగా తెలిసినవారెవరని ఆయన (స) విచారించినట్లు ఇమామ్ మాలిక్ (రహ్మలై) తమ ముఅత్తాలో నమోదు చేశారు. ఇద్దరు వైద్యులు ఉన్నచోట మెరుగైనవారిని ఎన్నుకోవాలన్నది ఇందులోని పాఠం.

అరుదైన వ్యాధి విషయంలో ఈ పాఠం మరింత అవసరం. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే మన దేశంలో తొలుత క్షయను అనుమానిస్తారు, అది సహజమే. కాని మందులు వాడుతున్నా నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే, పొర నుండి చిన్న ముక్క తీసి పరీక్షించవలసి ఉంటుంది. ఆ ముక్కను గుర్తుపట్టగల నిపుణులు పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులలోనే లభిస్తారు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ఉన్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఇలాంటి చోట్లు. రోగి తన పాత వృత్తిని, రేకుల పనిని, ఓడల పనిని వైద్యునికి తప్పక చెప్పాలి. 30 ఏళ్ల క్రితం చేసిన పని నేటి జబ్బుకు ఆచూకీ కావచ్చు.

మూడవది, తోడుగా వచ్చే చికిత్సకూ, బదులుగా వచ్చే చికిత్సకూ మధ్యనున్న తేడాను గుర్తించడం. నేటి ప్రసంగంలో మీరు ఇంటికి తీసుకువెళ్లవలసిన ముఖ్యమైన మాట ఇది. వైద్యుని చికిత్స కొనసాగుతూ ఉండగా, రోగి బాధను తగ్గించి మనసును నిలబెట్టేది తోడు చికిత్స. వైద్యుని చికిత్సను ఆపివేసి దాని స్థానంలో కూర్చునేది బదులు చికిత్స. ఒకే పదార్థం ఒకరి ఇంట్లో తోడు కావచ్చు, మరొకరి ఇంట్లో బదులు కావచ్చు. తేడా సీసాలో లేదు, దాన్ని వాడే తీరులో ఉంది.

తోడు చికిత్సకు మన సంప్రదాయంలో అందమైన నిదర్శనం తల్బీనా. బార్లీ పిండితో కాచే పలుచని జావ అది. అది రోగి హృదయానికి ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తొలగిస్తుందని ఆయన (స) చెప్పగా విన్నట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ఇక్కడ ఊరట అన్న మాటను గమనించండి. ఊరట కూడా విలువైనదే. ఆయాసపడే రోగికి నెమ్మదిగా ఊపిరి తీసి వదిలే అభ్యాసం, శక్తి మేరకు నాలుగడుగుల నడక, కాళ్లు చేతులు మృదువుగా మర్దన చేయడం, మనసు నిమ్మళించే ఖుర్ఆన్ పారాయణం, ఇవన్నీ ఊరటనిచ్చేవే. కీమోథెరపీ వల్ల కలిగే వికారం తగ్గడానికి సూదులతో చేసే ఆక్యుపంక్చర్ కొందరికి ఉపయోగపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఇవేవీ కణితిని కరిగించవు. కరిగిస్తాయని ఎవరైనా చెబితే అది అసత్యం. కరిగించవు కనుక వ్యర్థమని కొట్టివేయడం కూడా న్యాయం కాదు. రాత్రి రెండు గంటలు నిద్రపట్టడం ఎంత గొప్ప అనుగ్రహమో రోగిని అడిగితే తెలుస్తుంది.

ఇక కలోంజీ, తేనె విషయానికి వద్దాం. నల్లజీలకర్రలో మరణం తప్ప ప్రతి వ్యాధికీ స్వస్థత ఉందన్న హదీసు ప్రామాణికమైనది, బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. తేనెలో ప్రజలకు స్వస్థత ఉందని అన్నహ్ల్ సూరా 69వ ఆయత్ చెబుతోంది. మేము వీటిని మనసారా విశ్వసిస్తున్నాం. అయితే ఆ మాటను ఎలా గ్రహించాలో మన పూర్వ విద్వాంసులు వివరించారు. ఇమామ్ ఖత్తాబీ (రహ్మలై) వంటివారు ఆ హదీసులోని పదం సాధారణంగా కనిపించినా, దాని ఉద్దేశం ప్రత్యేకమైనదని, అది శీతల స్వభావం గల వ్యాధులకు సంబంధించిందని అన్నారు. మరొక కోణంలో ఆలోచించండి. కలోంజీని గురించి చెప్పిన ప్రవక్తే (స) హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) కోసం వైద్యుణ్ణి పంపించారు. ఆ వైద్యుడు నరాన్ని కోసి, కాల్చి చికిత్స చేశాడు. ఒక్క గింజే సమస్త చికిత్సలకూ బదులైతే, ఆ వైద్యుణ్ణి పంపవలసిన అవసరం ఏముంది? కనుక కలోంజీని గౌరవంగా, తగు పరిమాణంలో ఆహారంగా తీసుకునేవాడు సున్నత్‌ను ప్రేమిస్తున్నాడు. ఆ హదీసు పేరు చెప్పి శస్త్రచికిత్సను, కీమోను మానిపించేవాడు హదీసులో లేని మాటను హదీసుకు అంటగడుతున్నాడు.

కలోంజీలోని సారం గాజుపాత్రలో క్యాన్సర్ కణాలను చంపిందన్న వార్తలు మీరు చదివి ఉంటారు. గాజుపాత్రలో కణం చావడం ఒకటి, మనిషి కోలుకోవడం మరొకటి. మనుషులలో క్యాన్సర్‌ను అది నయం చేసిందన్న రుజువు నేటికీ లేదు.

సోదరులారా! ప్రకృతి నుండి వచ్చింది కదా, మంచి చేయకపోయినా చెడు చేయదు అన్న భావన మనలో బలంగా ఉంది. ఇది పొరపాటు. గన్నేరు కూడా ప్రకృతిదే. కీమో తీసుకుంటున్న రోగికి తెల్లకణాలు, రక్తం గడ్డకట్టించే కణాలు పడిపోతాయి. ఆ దశలో హిజామా గాట్లు ఆగని రక్తస్రావానికి, చీముకు దారితీయవచ్చు. మామూలు రోజుల్లో సున్నత్ అయిన పని ఆ వారంలో ప్రమాదం కావచ్చు. పంపరపనసను పోలిన గ్రేప్‌ఫ్రూట్ రసం కొన్ని మందుల మోతాదును రక్తంలో పెంచివేస్తుంది. కొన్ని భస్మాలలో సీసం, పాదరసం ఉండి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మెసోథీలియోమాకు వాడే ముఖ్యమైన మందు పెమెట్రెక్సెడ్. అది మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. అవి దెబ్బతింటే మందే విషమవుతుంది. అదే మందుతో పాటు ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ తప్పనిసరిగా ఇస్తారు. మామూలు విటమినే కదా అని దాన్ని మానేసి కషాయం తాగే రోగి, తన రక్షణకవచాన్ని తానే తీసి పారేసుకుంటున్నాడు.

అందుచేత తీసుకునే ప్రతి నూనెను, ప్రతి చూర్ణాన్ని, ప్రతి కషాయాన్ని వైద్యునికి చూపించండి. ఆయన కోపగిస్తారని దాచకండి. మీ చేతులతో మిమ్మల్ని మీరు వినాశంలోకి నెట్టుకోవద్దని అల్ బఖరా సూరా 195వ ఆయత్ ఆదేశిస్తోంది. దాచిపెట్టిన మందు కూడా ఒక్కోసారి అలాంటి వినాశమే.

ఈ మాటలతో మొదటి ప్రసంగాన్ని ముగిస్తూ నా కోసం, మీ కోసం, విశ్వాసులందరి కోసం అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సకల ప్రశంసలూ అల్లాహ్‌కే. ఆయన ప్రియ ప్రవక్తపై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక.

సోదరులారా! మొదటి ప్రసంగంలో రోగి బాధ్యతను చెప్పుకున్నాం. ఇప్పుడు రోగి చుట్టూ ఉన్నవారి బాధ్యతను చూద్దాం.

ముందుగా మందు అమ్మేవారి సంగతి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి పూచీదారు అని మహాప్రవక్త (స) తీర్పు చెప్పినట్లు అబూ దావూద్, నసాయీ, ఇబ్ను మాజా గ్రంథాలలో ఉంది. మోసగించేవాడు మనవాడు కాడని కూడా ఆయన (స) హెచ్చరించారు. మన దేశంలో 1954లోనే ఒక చట్టం వచ్చింది. మాయ మందుల ప్రకటనలను నిషేధించే ఆ చట్టం ప్రకారం క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటించడం నేరం. అంటే ధర్మం, చట్టం రెండూ ఈ విషయంలో ఒకే మాట చెబుతున్నాయి. అయినా ఇలాంటి ప్రకటనలు ఇస్లామీ పేర్లతో, అరబ్బీ అక్షరాలతో, పచ్చని సీసాలలో మన మధ్యకు వస్తూనే ఉన్నాయి. తిబ్బె నబవీ అన్న పవిత్రమైన పేరును లాభం కోసం అసత్యానికి ముసుగుగా వేయడం రెండింతల పాపం.

ఒక చరిత్ర వినండి. అమెరికా చలనచిత్ర నటుడు స్టీవ్ మెక్వీన్‌కు 1979 చివరలో ఈ మెసోథీలియోమాయే ఉన్నట్లు తేలింది. తమ వద్ద దీన్ని నయం చేసే చికిత్స లేదని వైద్యులు చెప్పారు. ఆయన 1980లో మెక్సికో వెళ్లి, క్యాన్సర్ వైద్యంలో శిక్షణ లేని ఒక దంతవైద్యుని పద్ధతిని ఆశ్రయించారు. ప్రత్యేక ఆహారం, కాఫీ ఎనిమాలు, లేట్రిల్ అనే పదార్థం అందులో భాగాలు. కోలుకుంటున్నారని ప్రచారం జరిగింది. 1980 నవంబరు 7న, కణితులు తీసే శస్త్రచికిత్స తరువాత, 50వ ఏట ఆయన మరణించారు.

ఆ లేట్రిల్ ఏమిటో తెలుసా? ఖుబానీ గింజలలో ఉండే పదార్థం నుండి చేసినది. మన హైదరాబాదు విందులలో ఖుబానీ కా మీఠా మీద అలంకరణకు వేసే తీపి పప్పు సంగతి కాదు. చేదు గింజలలో ఈ పదార్థం ఎక్కువగా ఉంటుంది, శరీరంలో అది సైనైడ్ విషాన్ని విడుదల చేస్తుంది. 1982లో అమెరికాలో 178 మంది క్యాన్సర్ రోగులపై దీన్ని పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. ఎవరికీ నయం కాలేదు. వ్యాధి లక్షణాలలో మెరుగుదల లేదు. కొందరి రక్తంలో సైనైడ్ ప్రమాదకర స్థాయికి చేరువైంది. ఇది జరిగి నాలుగు దశాబ్దాలు దాటినా, చేదు ఖుబానీ గింజలను క్యాన్సర్ మందుగా అమ్మేవారు ఇంకా ఉన్నారు.

చికిత్సకు లొంగే దశలో ఉన్న క్యాన్సర్లకు బదులు చికిత్సను ఆశ్రయిస్తే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. 2018లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లు గల 281 మందిని పరిశీలించారు. వారు ఆసుపత్రి చికిత్సను వదిలి ప్రత్యామ్నాయ వైద్యాన్నే ఎంచుకున్నవారు. ఆసుపత్రి చికిత్స తీసుకున్న 560 మందితో పోల్చి చూస్తే, వారికి మరణ ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువగా ఉంది. ఇది మెసోథీలియోమా రోగుల లెక్క కాదు. కాని ఆలస్యానికి చెల్లించే మూల్యం ఎంతో ఇది చెబుతుంది.

కనుక మోసాన్ని గుర్తుపట్టే గుర్తులు మనసులో ఉంచుకోండి. అన్ని రకాల క్యాన్సర్లకూ ఒకటే మందు అనేవాడు, మందులో ఏముందో చెప్పనివాడు, డాక్టరు మందులు మానేయమనేవాడు, ముందే పెద్ద మొత్తం అడిగేవాడు, నయం కాకపోతే నీ ఈమాన్ బలహీనమని రోగినే నిందించేవాడు, వీరి గుమ్మం తొక్కకండి. చివరివాడు అందరికన్నా క్రూరుడు. హజ్రత్ అయ్యూబ్ (అలై) ఎన్నో ఏళ్లు వ్యాధితో బాధపడ్డారు. వారి ఈమాన్ బలహీనమని ఎవరు అనగలరు?

ఇప్పుడు కఠినమైన ప్రశ్నకు వద్దాం. ఆసుపత్రి వైద్యం కూడా నయం చేయలేనప్పుడు ప్రత్యామ్నాయాన్ని ప్రయత్నిస్తే తప్పేమిటి అని రోగి బంధువులు అడుగుతారు. ఇది తేలికగా తోసిపుచ్చగల ప్రశ్న కాదు. నిజం నిజంగానే చెప్పుకుందాం. మెసోథీలియోమాకు 2003లో వెలువడిన ముఖ్య పరిశోధనలో, ఒక్క సిస్‌ప్లాటిన్ మందు తీసుకున్నవారి మధ్యస్థ ఆయుఃప్రమాణం 9.3 నెలలు, దానికి పెమెట్రెక్సెడ్ కూడా జోడించినవారిది 12.1 నెలలు. ఆ తరువాత రోగనిరోధక శక్తిని మేల్కొలిపే రెండు మందులను కలిపి ఇచ్చిన పరిశోధనలో అది 18.1 నెలలైంది, కీమో తీసుకున్నవారిలో 14.1 నెలలు. లాభం చిన్నదే. కాని అది కొలిచి చూసిన లాభం, దాచకుండా చెప్పిన లాభం. మాయ మందు అమ్మేవాడు పూర్ణస్వస్థతను వాగ్దానం చేస్తాడు గాని లెక్క చూపించడు. నయం కాదని తెలిసిన రోగి నుండి కూడా తీసుకుపోవడానికి కొన్ని మిగిలి ఉంటాయి. ఇల్లు అమ్మిన సొమ్ము, పిల్లలతో గడపవలసిన రోజులు, వీలునామా రాయడానికి, అప్పులు తీర్చడానికి, క్షమాపణలు చెప్పుకోవడానికి కావలసిన సమయం. అబద్ధపు ఆశ వీటన్నిటినీ దోచుకుంటుంది.

వెయ్యేళ్ల క్రితం కార్డోబాలో జీవించిన మహా శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అజ్జహ్రావీ (రహ్మలై) తమ గ్రంథం అత్తస్రీఫ్‌లో క్యాన్సర్ గురించి రాశారు. తొలిదశలో, పూర్తిగా తీయగల చోట ఉంటే కోసి తీయమన్నారు. ముదిరి పెద్దదైతే దాని జోలికి పోవద్దని, అలాంటి రోగిని తాను ఎన్నడూ నయం చేయలేదని, ఇంకెవరైనా నయం చేయగా చూడలేదని నిజాయితీగా ఒప్పుకున్నారు. ఇదీ ముస్లిం వైద్యుని వారసత్వం. తెలిసింది చేయడం, చేతకానిది చేతకాదని చెప్పడం.

అయితే నయం కాదన్న మాటకు, చేయడానికి ఏమీ లేదన్న అర్థం రాదు. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిని తీస్తే ఆయాసం తగ్గుతుంది. నొప్పికి, ఊపిరాడని బాధకు మార్ఫిన్ ఉంది. అది మత్తు పదార్థం కదా, హరామ్ కదా అని కొందరు రోగిని బాధలోనే వదిలేస్తారు. వైద్యుని పర్యవేక్షణలో, అవసరం మేరకు, నొప్పి తగ్గించడానికి వాడే మందును ధర్మవేత్తలు అనుమతించారు. విలాసం కోసం మత్తు వేరు, విలవిలలాడే ప్రాణికి ఉపశమనం వేరు. ఉపశమన వైద్యాన్ని చివరి వారం కోసం దాచిపెట్టుకోకండి, తొలినాళ్ల నుండే అడగండి.

నిరాశ కూడా విశ్వాసికి తగదు. అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో పొట్ట పొరలో ఈ వ్యాధే వచ్చింది. దీనికి మధ్యస్థ ఆయుఃప్రమాణం ఎనిమిది నెలలని ఆయన పుస్తకాలలో చదివారు. ఆ లెక్కకు అర్థం సగంమంది ఎనిమిది నెలలలోపు పోతారని, మిగిలిన సగంమంది అంతకన్నా ఎక్కువ కాలం, కొందరు చాలా ఎక్కువ కాలం బ్రతుకుతారని ఆయన గ్రహించారు. శస్త్రచికిత్స, రేడియేషన్, కీమో తీసుకున్నారు. మరో 20 ఏళ్లు జీవించి, 2002లో వేరొక క్యాన్సర్‌తో మరణించారు. అందరికీ అలా జరుగుతుందని కాదు. లెక్కలు సమూహానికి చెందినవి, ఒక్కొక్కరి ఆయుష్షు మాత్రం అల్లాహ్ జ్ఞానంలో ఉంది. చికిత్సను వదలకుండానే ఆశను నిలుపుకోవచ్చు.

దుఆ, రుఖ్యా గురించి ఒక మాట. షిర్క్ లేని రుఖ్యాలో తప్పు లేదని మహాప్రవక్త (స) అనుమతించారు. ఫాతిహా సూరా, చివరి రెండు సూరాలు చదివి ఊదడానికి ఏ ఆమిల్ అవసరమూ లేదు, రుసుమూ అవసరం లేదు. భార్య భర్త కోసం, కొడుకు తల్లి కోసం చదవవచ్చు, రోగి స్వయంగా చదువుకోవచ్చు. కాని జాతకం చెప్పేవారి దగ్గరికి వెళ్లి అడిగినవాని నమాజు 40 రాత్రులు స్వీకృతం కాదన్న హెచ్చరిక ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. దేహాన్ని కాపాడుకునే తొందరలో ఈమాన్‌ను పోగొట్టుకోకండి. నేను జబ్బుపడితే నాకు స్వస్థతనిచ్చేది ఆయనేనని హజ్రత్ ఇబ్రాహీం (అలై) ప్రకటించిన సంగతి అష్షుఅరా సూరాలో ఉంది. తాయెత్తుకు ఆ స్థానం ఇవ్వకండి, మాత్రకూ ఆ స్థానం ఇవ్వకండి. రెండవది ఒక సాధనం మాత్రమే.

చివరిగా, మన సమాజం చేయవలసిన పనులు.

రోగి పరామర్శకు వెళ్లండి, మందు పేర్లు మోసుకుని వెళ్లకండి. కాసేపు కూర్చోండి, దుఆ చేయండి, ఏమి కావాలో అడగండి. ఆసుపత్రికి తోడుగా వెళ్లేందుకు ఒక మనిషి, పిల్లల ఫీజు కట్టేందుకు ఒక చెయ్యి, ఇంటికి ఒక పూట భోజనం, ఇవి వంద సలహాలకన్నా మేలు. పేదరోగికి ప్రభుత్వ ఆరోగ్య పథకాల కాగితాలు సిద్ధం చేసిపెట్టడం చదువుకున్న యువకులకు సదఖా. అర్హులైన రోగుల చికిత్సకు జకాత్ సొమ్ము చేరేలా మస్జిద్ కమిటీలు శ్రద్ధ వహించాలి. ఆ సొమ్ము మాయ మందుల అంగడికి పోకుండా కూడా చూడాలి.

నిర్మాణ పనులలో ఉన్న తమ్ముళ్లారా! రాతినార రేకులను పొడిగా ఉన్నప్పుడు రంపంతో కోయకండి, రంధ్రాలు వేయకండి, పగలగొట్టకండి. తప్పనిసరైతే తడిపి, ముక్కుకు తగిన మాస్క్ కట్టుకొని చేయండి. ఆ దుమ్మును పొడి చీపురుతో ఊడ్వకండి. పనిబట్టలు ఇంట్లో దులపకండి, మిగిలిన బట్టలతో కలిపి ఉతకనివ్వకండి. పనివాళ్లను పెట్టుకునే యజమానులారా! కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ధర్మం, అతని ఊపిరిని కాపాడమని చెప్పదా? ఒక ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవాళిని కాపాడడంతో సమానమని అల్ మాయిదా సూరా మనకు బోధిస్తోంది.

రండి, చేతులెత్తి దుఆ చేద్దాం.

ఓ అల్లాహ్! వ్యాధిగ్రస్తులైన మా సోదర సోదరీమణులకు స్వస్థతను ప్రసాదించు. స్వస్థత వారి భాగ్యంలో లేకపోతే బాధను తగ్గించి, సహనాన్ని ఇచ్చి, ఆ బాధను పాపక్షయంగా మార్చు. చికిత్స చేసే చేతులకు నైపుణ్యాన్ని, నాలుకలకు సత్యాన్ని ప్రసాదించు. భయపడినవారిని మోసగాళ్ల వలల నుండి కాపాడు. రోగి పక్కన మేలుకొని ఉన్న తల్లులకు, భార్యలకు, బిడ్డలకు బలాన్ని ఇవ్వు. మా కార్మికుల శ్వాసను కాపాడు. నీవిచ్చిన ఈ ప్రాణాన్ని అమానతుగా కాపాడి, నీవు పిలిచిన రోజున ఈమాన్‌తో నీకు అప్పగించే భాగ్యాన్ని మాకందరికీ కలుగజేయి.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.